యుద్ధానికి నాలుగు కారణాలు చెప్పిన పండితుడు: అపోహలు - వాస్తవాలు

బరంపురం కోర్టులో ఏళ్ల తరబడి క్రిమినల్ కేసులు వాదించాను. ఇప్పుడు కోర్టు పని తగ్గించుకుని లా విద్యార్థులకు అంతర్జాతీయ చట్టం చెబుతున్నాను. రెండు చోట్లా ఎక్కువగా విన్న మాట ఒకటే: "మమ్మల్ని కాపాడుకోడానికే కొట్టాం." గట్టు తగాదాలో కర్ర ఎత్తినవాడూ అదే అంటాడు, పక్కదేశం మీదికి ట్యాంకులు తోలిన అధ్యక్షుడూ అదే అంటాడు. గట్టు తగాదా ముద్దాయిని నిలదీయడానికి ప్రాసిక్యూటర్ ఉంటాడు, పైన జడ్జి ఉంటాడు. అధ్యక్షుడి తరఫున మాత్రం టీవీలో పండితుడు మాట్లాడతాడు. ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసేవాడే ఉండడు.

ఒడిశాలోని మా గంజాం జిల్లా తెలుగిళ్లలో ఆంధ్రా చానళ్లే మోగుతుంటాయి. సరిహద్దులో ఏదైనా జరిగిందంటే చాలు, ఆ రాత్రికే స్టూడియోల్లో యుద్ధం మొదలైపోతుంది. తెల్లారేసరికి పిల్లలు క్లిప్పులు పంపుతారు: "సార్, ఈయన చెప్పింది కరెక్టేనా?" ఇవాళ్టి పండితుడి మీద ఇవాళే తీర్పు చెబితే అది పార్టీల గొడవైపోతుంది. అందుకే క్లాసులో ఒక పాత కేసు బయటికి తీస్తాను. అందులో యుద్ధం ముగిసింది, దర్యాప్తులు ముగిశాయి, రికార్డంతా బయటే ఉంది.

2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌లో దిగాయి. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన సామూహిక విధ్వంసక ఆయుధాలు ఎంతకీ దొరకలేదు. జూన్ 4న న్యూయార్క్ టైమ్స్‌లో థామస్ ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసం రాశాడు. అప్పటికే మూడు పులిట్జర్ బహుమతులు అందుకున్న కాలమిస్టు, మామూలు మనిషి కాదు. ఈ యుద్ధానికి నాలుగు కారణాలున్నాయన్నాడు: అసలు కారణం, సరైన కారణం, నైతిక కారణం, బయటికి చెప్పిన కారణం. ఆయుధాలన్నది నాలుగోది మాత్రమేనట. అది పోయినా మిగతా మూడూ ఉన్నాయి కాబట్టి యుద్ధం సబబేనన్నది ఆయన వాదన సారాంశం.

యుద్ధాన్ని సమర్థిస్తూ నేను చదివినవాటిలో ఇంత నిజాయితీగా రాసింది తక్కువ. ఇంత డొల్లగా ఉన్నదీ తక్కువే. అపోహలన్నీ ఒకేచోట దొరుకుతాయి.

అపోహ: కారణాలు ఎన్ని ఎక్కువుంటే వాదన అంత గట్టిది

కోర్టులో దీనికి సరిగ్గా వ్యతిరేకం. మావైపు కేసు ఎలా ఉంటుందో చెబుతాను. పొలం గట్టు దగ్గర దెబ్బలాట, ఒక మనిషి చచ్చిపోయాడు. పోలీసుల ముందు ముద్దాయి అంటాడు: "ఆడు గొడ్డలి అట్టుకొచ్చినాడు బాబూ, నరికేత్తాడని నేనే ముందు ఏసీసినాను." పంచనామాలో గొడ్డలి దొరకదు. జైల్లో వకాల్తా మీద సంతకం పెట్టించుకోడానికి వెళితే మాట మారుతుంది: "ఆడు ఊరందర్నీ ఏపుకు తినేత్తన్నాడు బాబూ, ఎవడో ఒకడు ఆపాల కదా." తీరా జడ్జి ఎదుట ముద్దాయిగా తన మాట చెప్పుకునే 313 స్టేట్‌మెంటు, కొత్త చట్టంలో 351, ఇచ్చేనాటికి మూడోది వస్తుంది. మూడూ కలిపితే కేసు బలపడుతుందని అతను నిజంగానే అనుకుంటాడు. ప్రాసిక్యూటర్‌కి మాత్రం ఆ రోజు పండగ.

కారణం మారిందంటే మొదటిది నిలబడలేదని అర్థం. పైగా ఒక్కో కారణానికి రుజువు వేరు. గొడ్డలి ఉందా లేదా అన్నదానికి సాక్ష్యం ఒకటి, వాడు ఊరికి కీడు చేశాడా అన్నదానికి సాక్ష్యం వేరు. రెండోది రుజువైనంత మాత్రాన మొదటిది రుజువైపోదు. ఊరికి కీడు చేసినవాణ్ని ముందుగా చంపేయొచ్చని ఏ సెక్షనూ చెప్పదు.

ఇరాక్ విషయంలో ఇంకో చిక్కుంది. 2002 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ 296-133తో, సెనెట్ 77-23తో యుద్ధానికి అధికారం ఇచ్చాయి. 2003 మార్చి 18న బ్రిటిష్ కామన్స్ సభ 412-149తో ఒప్పుకుంది. వాళ్ల ముందు పెట్టిన ప్రధాన వాదన ఆయుధాలది, అంటే ఫ్రీడ్‌మన్ లెక్కలో నాలుగోది. "అసలు కారణం" మీద ఏ సభలోనూ ఓటు జరగలేదు. ఒక కారణం చూపించి సంతకం పెట్టించుకుని, పని అయ్యాక ఇంకో కారణం రాసుకుంటే దస్తావేజుల భాషలో దానికి వేరే పేరుంది.

ఆయనకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం వల్ల అమెరికాకు అలాంటి ముప్పేమీ లేదనీ, అబద్ధం మీద దేశాన్ని యుద్ధానికి తీసుకెళ్లకూడదనీ తను ముందే అన్నానని ఆ వ్యాసంలోనే గుర్తు చేశాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే. చెప్పిన కారణం నమ్మదగ్గది కాదని తెలిసిన మనిషి యుద్ధం వద్దనలేదు, ఇంకో మంచి కారణం వెతికిపెట్టాడు.

అపోహ: ముందే కొట్టడం కూడా ఆత్మరక్షణే

పిల్లలు ఎక్కువ తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మన చట్టం ముందు కొట్టడాన్ని పూర్తిగా కాదనదు. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ప్రాణభయం సహేతుకంగా కలిగిన క్షణం నుంచి హక్కు మొదలవుతుంది. పాత ఐపీసీ 102, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 40 చెప్పేది అదే. కానీ దానికి ముందే సెక్షన్ 37, పాత 99, రెండు కంచెలు వేసింది. ఒకటి, అధికారుల దగ్గరికి వెళ్లి రక్షణ కోరే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. రెండు, కాపాడుకోడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. ఆత్మరక్షణ అన్నవాడే అది ఆత్మరక్షణ అని చూపించుకోవాలి.

దేశాల మధ్య సూత్రం ఇంతకన్నా బిగువు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) అధికరణం బలప్రయోగాన్ని నిషేధించింది. 51వ అధికరణం సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ హక్కు ఉందంటుంది, అదీ భద్రతామండలి రంగంలోకి దిగేదాకా. దాడి పడకముందే స్పందించొచ్చా అన్న ప్రశ్నకు న్యాయవాదులు ఇప్పటికీ 1837 నాటి కరోలిన్ ఓడ గొడవనే తిరగేస్తారు. బ్రిటిష్ బలగాలు నయాగరా నది మీద ఒక అమెరికన్ ఓడను తగలబెట్టాయి. ఆ తర్వాతి ఉత్తరాల్లో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ ఒక కొలత పెట్టాడు: అవసరం తక్షణమైనదై ఉండాలి, వేరే దారి మిగలకూడదు, ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండకూడదు.

ఆ కొలత పట్టుకుని 2003 మార్చి 7కి రండి. ఆ రోజు భద్రతామండలిలో ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ మాట్లాడాడు. 2002 నవంబరు 27 నుంచి ఆయన మనుషులు ఇరాక్‌లో తిరుగుతున్నారు. మిగిలిన పనికి ఏళ్లు పట్టవు, వారాల్లోనూ కాదు, కొన్ని నెలలు చాలన్నాడు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ అదే సమావేశంలో, నైజర్ నుంచి యురేనియం కొన్నారనడానికి చూపించిన కాగితాలు అసలైనవి కావన్నాడు. సరిగ్గా 13 రోజులకు యుద్ధం మొదలైంది.

ఠాణా ఉంది, పోలీసులు ఇంట్లోనే సోదా చేస్తున్నారు, ఇంకాస్త గడువు ఇమ్మంటున్నారు. ఫిర్యాదుదారు వాళ్లను పక్కకు జరగమని గొడ్డలి ఎత్తాడు. సెక్షన్ 37 కింద ఇలాంటి డిఫెన్స్ వాదించమని ఎవరైనా నా దగ్గరికొస్తే ఫీజు తిరిగిచ్చేస్తాను.

2004లో అమెరికా పంపిన సర్వే బృందమే ఆయుధ నిల్వలు లేవని తేల్చింది. ఇరాక్ యుద్ధం మీద దర్యాప్తు చేసి 2016 జులై 6న బ్రిటన్‌లో ఇచ్చిన చిల్‌కాట్ నివేదిక, శాంతియుత మార్గాలు ఇంకా మిగిలుండగానే యుద్ధానికి వెళ్లారని రాసింది. యుద్ధం మొదలయ్యే రోజుకే కనిపిస్తున్న విషయం నివేదికలోకి ఎక్కడానికి 13 ఏళ్లు పట్టింది.

అపోహ: ఎవరో ఒకరిని గట్టిగా కొడితేనే మిగతావాళ్లు దారికొస్తారు

ఇది ఫ్రీడ్‌మన్ చెప్పిన "అసలు కారణం". 2001 సెప్టెంబరు 11 తర్వాత అరబ్బు ముస్లిం ప్రపంచంలో ఎవరో ఒకరిని కొట్టాల్సిన అవసరం అమెరికాకు వచ్చిందట. సౌదీనో సిరియానో కొట్టినా సరిపోయేదట. సద్దాంను ఎంచుకున్నది, కొట్టగలం కాబట్టి, వాడు దానికి తగినవాడు కాబట్టి, ఆ ప్రాంతం నడిమధ్యలో ఉన్నాడు కాబట్టి.

ఆ రోజు విమానాలు హైజాక్ చేసినవాళ్లు 19 మంది. వారిలో 15 మంది సౌదీ పౌరులు. ఇరాకీ ఒక్కడూ లేడు.

నా క్లయింటు ఎవరైనా బోనులో నిలబడి "నన్ను కొట్టినవాడు వేరు, వీడు చేతికందాడు, కొట్టాను" అంటే నేను చేయగలిగిందల్లా శిక్ష తగ్గించమని జడ్జిగారిని వేడుకోవడమే. దాన్ని వ్యూహం అని పిలిస్తే పత్రికలో అచ్చవుతుంది.

అపోహ: అవతలివాడు నియంత అయితే ఏ యుద్ధమైనా ధర్మయుద్ధమే

ఇది ఫ్రీడ్‌మన్ "నైతిక కారణం". దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. సద్దాం నిజంగానే హంతకుడు. 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో సుమారు 5,000 మంది కుర్దులను చంపించాడు. 1991లో తిరుగుబాటు చేసిన షియాలను ఊచకోత కోయించాడు. 2003లో సామూహిక సమాధులు తవ్వుతుంటే చూసి ఫ్రీడ్‌మన్ చలించిపోయాడంటే నేను నమ్ముతాను.

తేదీలు చూడండి. హలబ్జా జరిగినప్పుడు ఇరాన్‌తో యుద్ధంలో అమెరికా మొగ్గు సద్దాం వైపే. సద్దాం మీద కేసులు పోగేసి, అతని మీద విచారణ జరగాలని ఏళ్ల తరబడి పోరాడిన హ్యూమన్ రైట్స్ వాచ్ కూడా 2004 జనవరిలో, దీన్ని మానవతా యుద్ధం అనలేమంది. 2003లో ఆపాల్సిన ఊచకోత ఏదీ అప్పుడు జరగడం లేదన్నది వాళ్ల కారణం. పదిహేనేళ్ల కిందటి నేరానికి శిక్ష వేరు, ఈ పూట జరుగుతున్న హత్యను అడ్డుకోవడం వేరు.

అలా అడ్డుకున్న ఉదాహరణ అడిగితే నేను 1971 చెబుతాను. తూర్పు పాకిస్తాన్‌లో మారణకాండ జరుగుతూ ఉంది, సుమారు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చేశారు. డిసెంబరు 3న మన వైమానిక స్థావరాల మీద దాడి చేసింది పాకిస్తానే. యుద్ధం ముగిశాక మన సైన్యం కొన్ని నెలల్లోనే బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. దాని మీదా విమర్శలున్నాయి, చర్చించుకోవచ్చు. కానీ చూపించిన కారణం ఒకటీ అసలుది ఇంకొకటీ అని నాలుగు వరసలు రాసుకోవాల్సిన పని పడలేదు.

మా రాయి మీద లేని మాట

యుద్ధానికి కారణం గురించి మాట్లాడుతూ గంజాంవాడు జౌగఢ ఊసెత్తకుండా ఉండలేడు. పురుషోత్తంపురం దగ్గర, ఋషికుల్యా నది పక్కన, అశోకుడి శాసనాలున్న బండ అది. కళింగ యుద్ధంలో లక్షమంది హతమయ్యారనీ, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయారనీ, అంతకు ఎన్నోరెట్లు ఇతరత్రా చనిపోయారనీ, దానికి తను పశ్చాత్తాపపడుతున్నాననీ అశోకుడు చెప్పుకున్నది 13వ శాసనంలో. పిల్లల్ని ఇక్కడికి తీసుకొస్తే మొదట వెతికేది దాన్నే. అది ఇక్కడ ఉండదు. ధౌలిలోనూ ఉండదు. కళింగలోని ఈ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు అధికారులకు ఇచ్చిన రెండు ప్రత్యేక ఆదేశాలు చెక్కించాడు. ప్రజలంతా నా బిడ్డలు, వాళ్లను అన్యాయంగా బంధించొద్దు, బాధించొద్దు అని వాటి ధోరణి. పశ్చాత్తాపం చదవాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్లాలి, లేదా గుజరాత్‌లోని గిర్నార్, పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ.

దెబ్బతిన్న ఊళ్లో మాత్రం దెబ్బ గురించి రాయలేదు. గాయం రేపడం ఎందుకనుకున్నాడో, పాలనకు ఇబ్బంది అనుకున్నాడో, చరిత్రకారులు తలోమాటా చెబుతారు. వకీలుగా నాకు ఇంకో విషయం కనబడుతుంది. ఆ 13వ శాసనంలో కూడా చచ్చినవాళ్ల లెక్క ఉంది కానీ కళింగ మీదికి అసలు ఎందుకు వెళ్లాడో ఒక్క ముక్క లేదు. కారణం చెప్పి సమర్థించుకునే ప్రయత్నమే చేయలేదు. ఆ మాత్రం మర్యాద మన స్టూడియోల్లో కనిపించదు.

అపోహ: ఆరు నెలల్లో అయిపోతుంది, పెద్ద ఖర్చేం కాదు

2003 ఫిబ్రవరిలో అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్, ఆరు రోజులు పట్టొచ్చు, ఆరు వారాలు పట్టొచ్చు, ఆరు నెలలు పడుతుందనుకోను అన్నాడు. ఇరాక్ తన పునర్నిర్మాణం ఖర్చు తనే త్వరలో భరించుకోగలదని మార్చిలో ఆయన డిప్యూటీ వుల్ఫోవిట్జ్ అన్నాడు. అమెరికా సేనలు ఇల్లు చేరింది 2011 డిసెంబరులో. నేరుగా పెట్టిన సైనిక ఖర్చే 80,000 కోట్ల డాలర్లు దాటింది. అమెరికన్ సైనికులు 4,400 మందికి పైగా పోయారు. పేర్లతో, వార్తలతో నమోదైన ఇరాకీ పౌరుల మరణాలే లక్ష దాటాయి. నమోదు కానివాళ్ల లెక్క వేరు.

ఇక మన పండితుడు. 2003 నవంబరు నుంచి 2006 మే దాకా, రాబోయే కొద్ది నెలలే కీలకం, ఆరు నెలల్లో తేలిపోతుంది అని మళ్లీమళ్లీ అంటూనే వచ్చాడు. ఒక మీడియా పరిశీలన సంస్థ ఆ మాటలన్నీ ఏరి వరసగా పెడితే, బ్లాగర్లు ఆరు నెలల కాలానికి "ఫ్రీడ్‌మన్ యూనిట్" అని పేరు పెట్టేశారు. వాయిదాలు అడిగి బతికే వృత్తి నాది, నాకే సిగ్గేసింది.

ఆయన "సరైన కారణం" గతి కూడా ఇక్కడే చూడాలి. ఇరాకీలతో చేయి కలిపి మంచి ప్రభుత్వం నిలబెట్టి అరబ్బు ప్రపంచానికి నమూనాగా చూపడం. వినడానికి బాగుంటుంది. అయితే ఆ వ్యాసం అచ్చయ్యేనాటికే, మే 16న సద్దాం బాత్ పార్టీ వాళ్లను ఉద్యోగాల నుంచి తీసేస్తూ, మే 23న ఇరాక్ సైన్యాన్ని మొత్తంగా రద్దు చేస్తూ ఆక్రమణ అధికారులు ఉత్తర్వులిచ్చేశారు. తుపాకీ పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్కసారిగా జీతం లేకుండా వీధిలో పడ్డారు. వాళ్లలో కొందరు అధికారులు తర్వాత ఐసిస్‌లో తేలారు. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతికి చిక్కింది. ఆ సంవత్సరమే అక్కడ పట్టుకెళ్లిన 39 మంది భారతీయ కూలీలను చంపేశారు, 2018లో గానీ మన ప్రభుత్వం ఆ చావులను ధ్రువీకరించలేకపోయింది.

అపోహ: ఎక్కడో యుద్ధం, మనకేంటి

గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి బతికిన కుటుంబాలు గంజాం, శ్రీకాకుళం రెండు వైపులా ఉన్నాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్లు అడవుల గుండా, కొండల మీదుగా నడుచుకుంటూ వచ్చారు. దారిలో వేలమంది చచ్చిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, నాకన్నా బాగా చెబుతారు.

అపోహ: తప్పు సలహా ఇచ్చిన పండితుడికి పరువు పోతుంది, అదే శిక్ష

పోదు. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పిన సాక్షికి జైలుందని చట్టంలో ఉంది. తను నమ్మి చెప్పి పొరబడిన పండితుణ్ని జైల్లో పెట్టమని నేను అనను, మాట్లాడే స్వేచ్ఛ అలాగే ఉండాలి. కానీ ఇరాక్ మీద అప్పటి బ్రిటిష్ ప్రధాని బ్లెయిర్‌ను ప్రశ్నించిన చిల్‌కాట్ కమిషన్ ఉంది, పత్రికల కాలమిస్టులను అలా కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. ఫ్రీడ్‌మన్ కాలమ్ ఆ తర్వాతా కొనసాగింది. కాబట్టి పాత మాటలు దాచిపెట్టుకోవడం మన పనే. స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పెట్టుకోమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

అపోహ: యుద్ధం ఎందుకని అడిగితే సైన్యాన్ని అవమానించినట్టే

ఈ మాట మావైపు త్వరగా అంటుకుంటుంది. గోపాల్‌పూర్ పక్కనే సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. మా క్లాసులోనూ ఫౌజీల పిల్లలుంటారు. ఒకమ్మాయి సూటిగానే అడిగింది: "సార్, మా నాన్నగారు డ్యూటీ చేస్తుంటే మనమిక్కడ కూర్చుని కారణాలు లెక్కెడితే ఎలా?" నేనన్నాను: "అమ్మా, నాన్నగారిని పంపే కాగితం మీద ఏ కారణం రాశారో చూసే బాధ్యత మనది. ఆయన యూనిఫాంలో ఉన్నంతకాలం అది అడగలేరు."

1999లో కార్గిల్‌లో మన భూభాగంలోకి చొరబడినవాళ్లను తరమడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా వాజ్‌పేయి ప్రభుత్వం మన విమానాలు నియంత్రణ రేఖ దాటకూడదని కట్టడి చేసింది. పైలట్లకు అది ఎంత కష్టమైందో తెలిసినవాళ్లకు తెలుసు. నాలుగేళ్ల తర్వాత అదే ప్రధాని ముందుకు ఇంకో కాగితం వచ్చింది. ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. పంపితే అమెరికా దగ్గర మన విలువ పెరుగుతుందని, పునర్నిర్మాణం కాంట్రాక్టులు వస్తాయని మన పండితులే చాలామంది ఊదరగొట్టారు. 2003 జులై 14న భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ కూర్చుని, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని చెప్పేసింది. ఫ్రీడ్‌మన్ వ్యాసం వచ్చి అప్పటికి దాదాపు ఆరు వారాలు.

ఆత్మరక్షణ పేరు చెప్పి అంతర్జాతీయ న్యాయస్థానందాకా వెళ్లిన అసలైన కేసు, 1986 నాటి నికరాగువా తీర్పు, చాలామంది అడుగుతున్నారు. అది పెద్దది, దాని మీద విడిగా రాస్తాను.